జక్కూరులో సెస్నా విమానం ఎక్కే ముందు: చెక్‌లిస్ట్ నోటికొచ్చినా కాగితం ఎందుకు చూడాలి

పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) కోసం బెంగళూరులోని జక్కూరు ఏరోడ్రోమ్‌కి వచ్చిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, అన్నా చెక్‌లిస్ట్ మొత్తం నోటికొచ్చేసింది, ఇంకా కాగితం పట్టుకోవాలా అని. పట్టుకోవాలి.

1935 అక్టోబర్ 30, అమెరికాలో రైట్ ఫీల్డ్. తర్వాత బి-17 బాంబర్ అయిన బోయింగ్ మోడల్ 299ని మేజర్ ప్లోయర్ హిల్ నడిపాడు, మామూలోడు కాదు టెస్ట్ పైలట్. నిలబెట్టినప్పుడు గాలికి ఎలివేటర్ (తోక మీద ముక్కుని పైకీ కిందకీ తిప్పే రెక్క) కొట్టుకోకుండా వేసే గస్ట్ లాక్ తియ్యడం మర్చిపోయారు అంతే, విమానం ముక్కు పైకెత్తుకుని పోయి స్టాల్ అయి, అంటే రెక్కలకి లేపే బలం పోయి, కూలింది, హిల్ చనిపోయాడు. పైలట్లకి చెక్‌లిస్ట్ వచ్చింది ఆ తర్వాతే.

కాబట్టి మీరు చెయ్యాల్సింది, లాక్ తీశాక యోక్‌ని (విమానం స్టీరింగ్) చివరిదాకా తిప్పండి, ఎడమకి తిప్పితే ఎడమ ఐలరాన్ (రెక్క చివర కదిలే పలక) పైకి లేవాలి, తల తిప్పి కళ్లతో చూడండి. అసలు లాక్ పోయిందని మేకో బోల్టో దూర్చేవాళ్లుంటారు, దానికి అసలు లాక్‌కి ఉన్నట్టు గుర్తుచేసే ఎర్ర జెండా ఉండదు కదా, అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. మధ్యలో ఫోన్ మోగినా, ఫ్రెండ్ సెల్ఫీ అన్నా, ఆగిన చోటు నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి చదవండి.

ఇంకోటి చేతుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17లు దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) బదులు గేర్ (చక్రాలు) లాగేసి విమానాన్ని బొక్కబోర్లా పడేసేవాళ్లు, తప్పు పైలట్లదే అనుకున్నారు. 1943లో అల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ చూస్తే రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా! డకోటాల్లో (అప్పటి రవాణా విమానాలు) అలా లేవు, వాటిలో ఈ గొడవా లేదు. గేర్‌కి చక్రం ఆకారం పిడి పెట్టాక సమస్య తీరింది. కార్బురేటర్ ఉన్న సెస్నా 152, పాత 172ల్లో గేర్ లివర్ ఉండదుగానీ కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి ఇచ్చేది) లాగబోయి మిక్స్చర్ (ఇంధనం పాళ్లు మార్చేది) లాగితే గాల్లో ఇంజన్ ఆగుతుంది. ముట్టుకోండి, చూడండి, పేరు పైకి అనండి, అప్పుడు లాగండి. పక్కవాడు నవ్వితే నవ్వనీ.

చివరగా మన ఊరి ఎత్తు. జక్కూరు దాదాపు 3000 అడుగుల మీద ఉంది, ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6000 దగ్గరికి పోతుంది, అంటే విమానం అంత ఎత్తులో ఉన్నట్టే నీరసంగా లేస్తుంది. నిన్న పొద్దున బాగానే లేచిందిగా అని నోటిలెక్క వద్దు, పీఓహెచ్‌లో (విమానంతో వచ్చే పైలట్ పుస్తకం) టేకాఫ్ చార్ట్ తీసి ఆ వేడికి, ఆ బరువుకి ఎన్ని అడుగుల రన్‌వే కావాలో చూడండి. చాలకపోతే వెనక సీటువాణ్ణి దింపి టిఫిన్ చేసి రమ్మనండి, లేదా రేపు ఆరింటికి రండి.