ఆఫీసు టెన్షన్ ఏ టైముకి వస్తోంది? సమస్య - పరిష్కారం

"టెన్షన్ పడకు" అని చెప్పేవాళ్ళకి కొదవ లేదు, ఎలా పడకుండా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను హైదరాబాద్‌లో అకౌంట్స్ పని చేస్తాను. ప్రతి నెలా జీఎస్టీ రిటర్నులు వేయడానికి రెండు గడువులు: 11న జీఎస్టీఆర్-1, 20న 3బి. ఆ రెండు తారీకులు దగ్గరపడుతున్నాయంటే నా నిద్ర పోయేది, ఇంట్లో నా నోరు లేచేది. ఒక నెలంతా ఏ టైముకి ఏమవుతోందో డైరీలో రాసుకుంటే తేలిందేమిటంటే, పొద్దస్తమానం టెన్షనే అనుకున్నాను గానీ నిజానికి అది నాలుగైదు చోట్లే పట్టుకుంటోంది, ఒక్కో చోట కారణం ఒక్కోటి. మీది ఏదో చూసుకుని అదొక్కటే ముందు సరిచేయండి. అన్నీ సోమవారం నుంచే మార్చేద్దామని కూర్చుంటే అదో కొత్త టెన్షన్.

సమస్య: ఒళ్ళంతా అలసట, పడుకుంటే నిద్ర రాదు

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు. అన్నవాళ్ళు సాయంత్రం ఆరింటికి రెండో కాఫీ తాగి ఉండరు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే ఆరింటి కాఫీ రాత్రి పదకొండుకి కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది. రెండో కారణం, పగలు ఆలోచించడానికి తీరిక దొరకని విషయాలన్నీ లైటు ఆర్పగానే వరస కట్టి నిలబడటం. మూడోది, మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసే అలవాటు. అక్కడ పడుకున్నా మనసు డ్యూటీ దిగదు.

మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ ఆపి చూడండి. స్నేహితులు టీకి పిలిస్తే వెళ్ళండి, ఆ కబుర్లు కావాలి, గ్లాసులో మజ్జిగో నిమ్మరసమో ఉంటే చాలు. భోజనమయ్యాక రేపటి పనులు కాగితం మీద రాయండి. ఫోన్లో వద్దు, తీస్తే వాట్సాప్ దాకా పోతారు. "ఇన్‌వాయిస్‌ల గొడవ" అని కాదు, "పదింటికి సప్లయర్‌కి ఫోన్ చేసి రెండు బిల్లులు అడగాలి" అన్నంత విడమరిచి రాయాలి, అప్పుడే బుర్ర దాన్ని వదులుతుంది. పడుకుని ఓ 20 నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే (గడియారం చూసి లెక్కపెట్టకండి) లేచి వేరే గదిలో చిన్న లైటు కింద కూర్చోండి, కళ్ళు మూతపడుతున్నప్పుడే మళ్ళీ మంచం ఎక్కండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకి లేవాలి, ఆదివారం కూడా. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, అన్నిటికన్నా పనిచేసింది. ఒక పెగ్గు వేస్తే పడుతుందిగా అంటారా, పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేపేదీ అదే.

సమస్య: ఇంటికి రాగానే పిల్లల మీద అరుపులు

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఒక 20వ తారీకున, పోర్టల్ మొరాయించి తొమ్మిదింటికి ఇల్లు చేరితే, మావాడు లెక్కల నోట్‌బుక్ పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వాడికి పదికి పది వచ్చాయి, చూడకుండానే కసిరాను. వాడు చేసిన తప్పేమీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత నేనేమీ తినలేదు, ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఊపిరి తీసుకునే జాగా లేదు, అంతే.

నాలుగున్నరకి ఒక అరటిపండో గుప్పెడు పల్లీలో తినండి. మెట్రోలో వచ్చేవాళ్ళయితే ఒక స్టేషన్ ముందే దిగి నడవండి. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకునే పది నిమిషాలు ఎవరూ ఏమీ అడగకూడదని ఇంట్లో ముందే ఒప్పందం చేసుకోండి.

ఇక్కడో మాట. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ఆ పది నిమిషాలు దొరకవు, బ్యాగు పక్కన పెట్టి నేరుగా పొయ్యి దగ్గరికే. వాళ్ళకి ప్రాణాయామం చేసుకోమని సలహా ఇవ్వడం కన్నా, ముందొచ్చినవాళ్ళు బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం అసలైన పరిష్కారం. మా ఇంట్లో ఈ పద్ధతి రావడానికి రెండు గొడవలు పట్టాయి.

సమస్య: బాస్ మెసేజ్ చూడగానే గుండె దడ

కంగారు పుట్టగానే ఒంట్లో విడుదలయ్యే ఎడ్రినలిన్ అనే హార్మోన్ పని అది. మెసేజ్‌ని కూడా శరీరం కుక్క వెంటపడినట్టే లెక్కేస్తుంది. "కంగారు పడకు" అని మనసుకి చెప్పుకుంటే వినదు, ఊపిరి ద్వారా వింటుంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి, ఒక మూడు నిమిషాలు. వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఆ తర్వాతే జవాబు టైపు చేయండి.

ఒకటి గుర్తుంచుకోండి: ఛాతీలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే అది టెన్షనే అని తేల్చుకుని కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

సమస్య: మెడ పట్టేయడం, పొద్దున్నే దవడ నొప్పి

భుజాలు చెవుల దాకా బిగించి, పళ్ళు కరిచిపట్టి పనిచేస్తున్నారు. గంటకోసారి లేచి నీళ్ళు తెచ్చుకోండి, భుజాలు పైకెత్తి ఒక్కసారిగా వదిలేయండి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారని ఇంట్లోవాళ్ళంటే డెంటిస్టుకి చూపించాలి.

సమస్య: ఇవన్నీ చేసినా తగ్గలేదు

అప్పుడు లోపం మీలో కాక పనిలో ఉండొచ్చు. ఇద్దరి పని ఒకరు చేస్తుంటే ఎంత ఊపిరి పీల్చి ఏం లాభం? బాస్‌ దగ్గరికి "నా వల్ల కావట్లేదు" అని వెళ్ళకండి, పనుల జాబితా పట్టుకెళ్ళి "ఈ మూడింట్లో ఇవాళ రెండే అవుతాయి సార్, ఏది ఆపమంటారు?" అని అడగండి. ప్రతిసారీ పని జరుగుతుందని చెప్పను, నాకు మూడుసార్లలో రెండుసార్లు జరిగింది.

దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు రావడం, తిండి సయించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవాలి. బతకాలని లేదనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఎవరితోనైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఏం చెప్పాలో తోచకపోతే "నిద్ర పట్టట్లేదు" అని మొదలుపెట్టండి, మిగతావి వాళ్ళే అడుగుతారు.