ఎలుకలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: చేయించాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

ఎలుకల్ని పెంచుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కుక్కకో పిల్లికో అయితే పెద్దగా ఆలోచించక్కర్లేదు, విజయవాడలో ఏ పేటలో ఉన్నా చేసేవాళ్ళు దొరుకుతారు. ఎలుక అలా కాదు. పావుకిలో, మహా అయితే అరకిలో బరువుండే ప్రాణికి మత్తు ఇచ్చి మళ్ళీ క్షేమంగా లేపడమే అసలు గండం. అందుకే చేయించాలా వద్దా అని బుర్ర బద్దలు కొట్టుకునే ముందు, చేయగలిగిన డాక్టరు మీకు అందుబాటులో ఉన్నారో లేదో కనుక్కోండి. చాలామందికి జవాబు అక్కడే దొరికిపోతుంది.

అంతకన్నా ముందు మీ దగ్గరున్నవి ఆడవో మగవో స్వయంగా చూసుకోండి, షాపువాళ్ళ మాట మీద వదిలేయకండి. నాకు రెండూ ఆడవే అని చెప్పి ఇచ్చారు, ఇంటికొచ్చిన పది రోజులకి ఒకదానికి తోక మొదట్లో వృషణాలు స్పష్టంగా బయటపడ్డాయి. నాలుగైదు వారాల వయసు నుంచి అవి కనిపిస్తాయి, కానీ చలికి, భయానికి లోపలికి లాక్కుంటాయి కాబట్టి ఒక్కసారి చూసి ఊరుకోకూడదు. ఆడవాటికి పొట్ట మీద రెండు వరసల్లో చనుమొనలుంటాయి, మగవాటికి అసలుండవు. 5 వారాలు నిండేసరికి మగవాటిని వేరే బోనులో పెట్టేయాలి, తోబుట్టువులైనా సరే, తల్లీకొడుకులైనా సరే. కడుపుతో ఉండేది 21 నుంచి 23 రోజులే, ఒక్క కాన్పులో పదీపన్నెండు పిల్లలు మామూలే, పైగా పిల్లల్ని పెట్టిన రోజే మగది దగ్గరికొస్తే మళ్ళీ కడుపు పండుతుంది.

మీ బాధ పిల్లల గురించే అయితే ఆపరేషన్ అక్కర్లేదు, రెండో బోను కొనండి. కాకపోతే ఏ ఎలుకనీ ఒంటరిగా ఉంచకండి, తోడు లేకపోతే అవి దిగులుపడిపోతాయి. ఆడవి రెండు ఒక బోనులో, మగవి రెండు ఇంకో బోనులో, అంతే.

మగవాటికి ఆపరేషన్ అవసరమయ్యేది ముఖ్యంగా కొట్లాటల వల్ల. ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో కొన్నిటికి హార్మోన్లు తలకెక్కి, ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పక్కవాటా తిరిగి తోటిదాన్ని నెట్టుకుంటూ మీదకెళతాయి. కిచకిచలాడుతూ పొర్లాడితే అది ఆట, టెన్షన్ పడకండి. రక్తం వచ్చేలా కరుస్తోందంటే, బోను పెద్దది చేసినా, దాక్కునే చోట్లు పెంచినా తగ్గలేదంటే, అప్పుడు ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. తెల్లారేసరికి మారిపోదు, హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆడవాటితో కలపాలనుకున్నా కనీసం నెల రోజులు ఆగండి, అప్పటిదాకా లోపల మిగిలిన వీర్యంతో కడుపు వచ్చే వీలుంది. ఆడ, మగ కలిపి పెంచాలనుకునేవాళ్ళు మగదానికే చేయించడం మంచిది, పొట్ట కోసే పని ఉండదు.

ఆడవాటి సంగతి వేరు, ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. వాటికి రొమ్ము గడ్డలు చాలా ఎక్కువగా వస్తాయి. పాలగ్రంథులు మెడ దగ్గర్నుంచి తొడల దాకా, పక్కల వరకూ పరుచుకుని ఉంటాయి, అందుకని గడ్డ చంకలోనైనా రావచ్చు, తొడ పక్కనైనా రావచ్చు. ఎక్కువ శాతం క్యాన్సర్ కానివే, అయినా పెరగడం ఆపవు. మా గసాలు అనే ఆడ ఎలుకకి ఏడాదిన్నర వయసులో చంక కింద శనగగింజంత తగిలింది, రెండు నెలల్లో నిమ్మకాయంత అయింది, నడిస్తే నేలకి రాసుకునేది. తీయించాం, కొన్నాళ్ళకి అటుపక్క ఇంకోటి లేచింది. మూడు నుంచి ఆరు నెలల వయసులో అండాశయాలు తీసేస్తే ఈ గడ్డలూ, తలలో పిట్యూటరీ గ్రంథికి వచ్చే గడ్డలూ బాగా తగ్గుతాయి. ముసలిదయ్యాక చేయిస్తే ఆ లాభం అంతగా ఉండదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. రెండు మూడేళ్ళే బతికే ప్రాణి, అందులో ఆరు నెలలు గడ్డ మోస్తూ తిరగడం చూశాక, తర్వాత తెచ్చుకున్న బెల్లం అనే ఎలుకకి నాలుగో నెలలోనే చేయించాను.

డాక్టరుని మొహమాటం లేకుండా అడగండి. మత్తు ఇంజెక్షన్‌తోనా, ఐసోఫ్లోరేన్ గ్యాస్‌తోనా? గ్యాస్ అయితే మోతాదు క్షణాల్లో తగ్గించవచ్చు, త్వరగా లేస్తుంది. ఇంతకుముందు ఎలుకలకి చేశారా? ఒళ్ళు చల్లబడకుండా ఏం చేస్తారు? నొప్పికి మందు ఇంటికి ఇస్తారా? కుట్లు చర్మం లోపల వేస్తారా? పైకి కనిపిస్తే పళ్ళతో లాగేస్తుంది. "ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అన్నారంటే వాళ్ళకి ఎలుకల గురించి తెలియదని అర్థం. ఎలుకలు వాంతి చేసుకోలేవు, అంతసేపు కడుపు మాడిస్తే ఒంట్లో చక్కెర పడిపోతుంది. నేను మొదట వెళ్ళిన ఒకచోట అదే మాట అన్నారు, దణ్ణం పెట్టి వచ్చేశాను.

గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ముందు అక్కడికి ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడగండి, గుంటూరు వాళ్ళకీ అది అందే దూరమే. ఎక్కడా కుదరక హైదరాబాద్ వెళ్ళాల్సి వస్తే, 270 కిలోమీటర్ల ప్రయాణం కూడా దానికి ఒక పరీక్షే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు పెట్టుకోకండి. వాటికి చెమట పట్టదు, ఎక్కువగా తోక ద్వారా వేడి వదులుకుంటాయి, మన రోహిణి ఎండలకి ఆరోగ్యంగా ఉన్నదే సోలిపోతుంది.

తుమ్ములు, గురక లాంటి శబ్దం, కళ్ళ చుట్టూ ఎర్రటి మరక (అది రక్తం కాదు, జబ్బుకీ బెదురుకీ వచ్చే స్రావం) ఉంటే వాయిదా వేయండి. ఎలుకల ఊపిరితిత్తులు ఊరికే జబ్బుపడతాయి, ఆ స్థితిలో మత్తు తట్టుకోలేవు.

ఇంటికి తెచ్చాక అంతస్తులు లేని చిన్న బోనులో పెట్టండి, కింద రంపపు పొట్టు వద్దు, పాత నూలు గుడ్డలు పరచండి. గోరువెచ్చని నీళ్ళ సీసాని తువ్వాల్లో చుట్టి ఒక పక్కన పెడితే చాలు, వేడెక్కితే ఎలుకే పక్కకి తప్పుకుంటుంది. ఆ రాత్రే ఏదో ఒకటి తినాలి, మా బెల్లం అయితే పెరుగన్నం ముట్టలేదు గానీ ఉడికించిన గుడ్డు పచ్చసొన వేలికి రాసి పెడితే నాకింది. మర్నాటి ఉదయానికీ తినకపోతే ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. పూటకోసారి కుట్లు చూడండి, వాపు, చీము కనిపిస్తే వెంటనే తీసుకెళ్ళండి.

చేయించకూడదని నిర్ణయించుకున్నవాళ్ళు వారానికోసారి ఒళ్ళోకి తీసుకుని చంకలు, మెడ, తొడల పక్కలు వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూడండి. శనగగింజంత ఉన్నప్పుడు దొరికితే తీయడం తేలిక.