కారు తాళంచెవి పోయిందా? కొత్తది చేయించే ముందు

ముందు ప్యాంటు జేబులు, కూరగాయల సంచి, సోఫా సందులు ఇంకోసారి వెతకండి. ఇంట్లో రెండో తాళంచెవి ఉంటే పని సగం తేలిక.

• పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు కారు దొంగల పాలైతే బీమా వాళ్లు మామూలుగా రెండు తాళంచెవులూ అడుగుతారు. అప్పుడు ఈ కాగితమే మీకు దిక్కు.

• పాలసీలో తాళంచెవికి కవర్ ఉందేమో చూడండి. ఉంటే ముందు వాళ్లకే చెప్పండి.

• ఆర్సీ, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. కొన్ని కార్లతో తాళం నంబరున్న చిన్న ట్యాగు ఇస్తారు, అదీ వెతకండి.

• రోడ్డు పక్కన ఇనప ముక్క కోయిస్తే చాలదు. ఇమ్మొబిలైజర్ (సరైన కోడ్ లేనిదే ఇంజన్ నడవనివ్వని ఏర్పాటు) ఉన్న కార్లలో తాళంచెవి ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టి ఉన్న తీగే ఆ చిప్‌కి కరెంటు అందించి కోడ్ చదువుతుంది. కోడ్ కలవకపోతే తలుపు తెరుచుకుంటుంది, తాళం తిరుగుతుంది, ఇంజన్ మాత్రం నడవదు.

• అన్నిటికన్నా ముఖ్యం: పోయిన తాళంచెవి కోడ్‌ను కారు మెమరీలోంచి తీసేయమని కొత్తది చేసేవాళ్లను గట్టిగా అడగండి. చాలామంది ఇది మరిచిపోతారు. తీసేసినా ఆ ఇనప ముక్కతో తలుపు తెరవొచ్చు, కాబట్టి కారులో విలువైనవి ఉంచకండి.

• ఉన్న తాళంచెవిని కూడా ప్రోగ్రామింగ్‌కి (కొత్త తాళంచెవి కోడ్‌ను కారు మెమరీలో ఎక్కించడానికి) వెంట తీసుకెళ్లండి.