ఆర్‌సీ ట్యాంకును స్క్రూలు విప్పకుండా తెరిచేలా మార్చుకోవడం ఎలా?

1:16 స్కేలు ఆర్‌సీ ట్యాంకుల్లో (రిమోట్‌తో నడిపే నమూనా ట్యాంకులు) చాలావాటికి పైభాగాన్ని అడుగు నుంచి స్క్రూలతో బిగిస్తారు. వైరు ఊడినా, గేర్‌బాక్సుకు గ్రీజు పెట్టాలన్నా బోర్లించి అన్నీ విప్పాల్సిందే. బోర్లించినప్పుడు మెషిన్‌గన్, ఏరియల్ విరుగుతాయి. పదేపదే బిగిస్తే ప్లాస్టిక్‌లో మర అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంది. అందుకే రంగుల పని మొదలుపెట్టకముందే స్క్రూల బదులు అయస్కాంతాలు పెట్టుకోవాలి.

కావలసినవి: 10×3 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు 12, 3 మి.మీ. ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) షీటు ముక్కలు, 120 నంబరు గరుకు కాగితం, బటర్ పేపర్, అరల్డైట్ (రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు). అయిదు నిమిషాల్లో పట్టే జిగురు వద్దు, సర్దుకునే టైం ఉండదు. ఫెవిక్విక్ పెళుసుగా ఉంటుంది, నాలుగుసార్లు తెరిచేసరికి అయస్కాంతం ఊడి వస్తుంది.

1. బ్యాటరీ తీయండి. వైర్లు ఎక్కడెక్కడ గుచ్చి ఉన్నాయో ఫొటో తీసుకుని పైభాగం విప్పండి.

2. నాలుగు మూలలు, రెండు పక్కల మధ్య భాగాలు కలిపి ఆరు చోట్లు గుర్తు పెట్టండి. గేర్లకు, స్పీకరుకు దూరంగా ఉండాలి. చదునైన చోటు లేకపోతే ఏబీఎస్ ముక్కలతో గద్దె కట్టండి.

3. అయస్కాంతాల నికెల్ పూతను గరుకు కాగితంతో గీయండి. నున్నటి నికెల్‌పై అరల్డైట్ సరిగా నిలవదు.

4. ఒక్కో జత మధ్య బటర్ పేపర్ ముక్క పెట్టి అయస్కాంతాలను ఒకదానికొకటి అంటుకోనివ్వండి. బయటి రెండు ముఖాలకూ అరల్డైట్ రాసి గద్దెపై కూర్చోబెట్టి, పైభాగం మూసి ఒక రోజు కదపకండి. ధ్రువాలు వాటంతటవే సరిగా కుదురుతాయి. విడివిడిగా అతికిస్తే ఒక్కటి తిరగబడినా పైభాగం లేచిపోతుంది.

మూసినప్పుడు సందు కనిపిస్తే గద్దె ఎత్తు ఎక్కువైనట్టు, అరగదీయండి. ఇకనుంచి ట్యాంకును ఎప్పుడూ కింది పెట్టె పట్టుకునే ఎత్తాలి. ఎగుడుదిగుడు నేలపై నడిపేవారు వెనక రెండు స్క్రూలు ఉంచుకోవడమే మేలు.

టరెట్ (పైన తిరిగే ఫిరంగి గోపురం) వైర్లకు మధ్యలో జేఎస్‌టీ కనెక్టర్లు (ఊడదీసి పెట్టుకునే చిన్న ప్లగ్గులు) పెట్టి, రెండు వైపులా ఒకే రంగు టేపు చుట్టండి. వదులు మరీ ఎక్కువైతే వైరు టరెట్ పళ్లచక్రంలో చిక్కుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ యాంటెన్నా కొసన 31 మి.మీ. మేర తొడుగు లేని తీగ ఉంటుంది, దాన్ని కత్తిరించకండి, లోహానికి ఆనించకండి.

ఇక షెల్ఫ్ మీదికి. బరువంతా చక్రాలపైనే నెలల తరబడి పడితే సస్పెన్షన్ కుంగుతుంది. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) నేలను తాకీ తాకనంత ఎత్తున చెక్క దిమ్మె పొట్ట కింద పెట్టండి. ట్రాక్ తీగలా బిగుసుకుని ఉంటే బొమ్మలా కనిపిస్తుంది, గేర్లపైనా భారం పడుతుంది. టీ-72 ట్యాంకు నమూనాకైతే పైన మూడు రిటర్న్ రోలర్లు (ట్రాక్ పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు) ఉంటాయి కాబట్టి వాటి మధ్య కొద్దిగా వేలాడితే చాలు.

ట్యాంకు దుమ్ము పట్టినట్టు కనిపించాలంటే చెల్కల ఎర్రమట్టిని పెనంపై వేయించి, సన్నటి గుడ్డలో జల్లించి, మ్యాట్ వార్నిష్‌లో కలపండి. తేమ ఉంటే బూజు పడుతుంది. ఈ స్కేలులో 1 మి.మీ. ఇసుక రేణువు 16 మి.మీ. కంకరరాయితో సమానం, జల్లెడ సరిపోదు. ఇది ఓరుగల్లు నేల రంగు. రాజస్థాన్ ఎడారిలో తిరిగిన ట్యాంకు చూపాలంటే లేత ఇసుక రంగు పౌడరు వాడాలి. చక్రాల ఇరుసులకు, టరెట్ అంచుకు తగలనివ్వకండి. ట్రాక్ అంచులపై 8బీ పెన్సిల్ రుద్దితే అరిగిన ఉక్కు మెరుపు వస్తుంది.

నెలల తరబడి షెల్ఫ్‌లో ఉంచేటప్పుడు లిథియం బ్యాటరీని బయటకు తీసి, ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉండేలా దాచండి.