తుపాకీకి పేరు పెట్టే ముందు దాని గుణం రాసుకోండి

టార్గెట్ షూటింగ్‌కు కొత్త రైఫిల్ చేతికొచ్చిన రోజే దానికి ముద్దుపేరు పెట్టకండి. ఆ రోజు మీకు తెలిసేది దాని రూపమే. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలిని నొక్కి కాల్చేది) అయితే లోపల మిగిలిన నూనె మండి పొగ, వాసన వస్తాయి, ఒక్కో పెల్లెట్ (చిన్న గుండు) ఒక్కో వేగంతో పోతుంది. కొన్ని వందల షాట్లు పడ్డాకే అసలు తీరు బయటపడుతుంది. అప్పటిదాకా ‘కొత్తది’ అంటే చాలు.

ఈలోగా ఒక నోట్‌బుక్ తెరవండి. 10 మీటర్ల దూరంలో, మెత్తటి ఇసుక సంచి ఆసరాతో ఐదేసి షాట్ల గ్రూపులు (ఒకే గురితో కాల్చిన రంధ్రాల గుంపులు) ఐదు కాల్చండి. పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51 మి.మీ.లలో దొరుకుతుంది, ఒక్కో కొలతకూ విడిగా కాల్చాలి. బాగా దూరంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. 8 మి.మీ. వస్తే గ్రూపు 3.5 అన్నమాట. ప్రతి గ్రూపులో మొదటి షాట్‌కు చిన్న గుర్తు పెట్టడం మరవొద్దు, తుపాకీ స్వభావం సగం అక్కడే తెలుస్తుంది.

ఇక పేరు. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ కదలిక వల్ల కుదుపు వెనక్కీ ముందుకీ రెండు వైపులా ఉంటుంది. గట్టిగా బిగిస్తే గ్రూపు చెదురుతుంది, తెరిచిన అరచేతి మీద వదులుగా ఆనిస్తే ఒకచోటికి వస్తుంది. ముందు చేయి రెండు సెంటీమీటర్లు జరిపినా షాట్లు పడే చోటు మారుస్తుంది. పట్టు నచ్చకపోతే అలిగే ఈ తుపాకీకి సత్యభామ కంటే తగిన పేరు లేదు. పైగా ఆ పేరు పిలిచిన ప్రతిసారీ వేళ్లు వదులు చేయాలని గుర్తొస్తుంది. మంచి పేరు చేయాల్సిన పని అదే: ఎలా పట్టుకోవాలో చెప్పాలి.

50 మీటర్ల .22 రైఫిల్ సంగతి వేరు. బ్యారెల్ శుభ్రం చేశాక మొదటి షాట్లు ఎటో పోతాయి. తూటా మీది గ్రీజు లోపల సమంగా పరుచుకోవడానికి పది, ఇరవై షాట్లు పడుతుంది. తూటాల బ్రాండ్ మార్చినా అంతే. ఇలా ఆలస్యంగా లేచేది కుంభకర్ణుడు. మ్యాచ్ ముందు సైటర్ల (లెక్కలోకి రాని పరీక్ష షాట్ల) సమయంలో తొందరపడి సైట్ (గురి చూసే అమరిక) తిప్పకుండా ఆ పేరే ఆపుతుంది.

రేంజ్‌లో (కాల్పుల మైదానంలో) అధికారి ఇచ్చే కమాండ్లకు దగ్గరగా వినిపించే పేరు మాత్రం వద్దు. ‘లోడ్’, ‘స్టార్ట్’, ‘స్టాప్’, ‘అన్‌లోడ్’ అనే మాటలతో ఇంకే మాటా చెవిలో కలిసిపోకూడదు. మీకు తెలిసిన మనుషుల పేర్లు, ముఖ్యంగా మీకు కోపమున్నవాళ్ల పేర్లు, అస్సలు పెట్టకండి.

స్వభావం పేరుతో లోపాన్ని కప్పిపుచ్చుకోవడమే అందరూ చేసే పొరపాటు. ‘ఈవేళ దీని మూడ్ బాలేదు’ అనే ముందు ఆసరా మీద పెట్టి కాల్చండి. అక్కడ గ్రూపు సరిగ్గా ఉంటే తేడా మీ భుజంలోనో శ్వాసలోనో ఉంది. అక్కడా చెదిరితే స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం) స్క్రూలు, సైట్ స్క్రూలు చూడండి. గాలి సిలిండర్ రైఫిల్ షాట్లు మెల్లగా కిందికి దిగుతుంటే ముందు పీడనం చూపే గేజ్ చూడండి. పీడనం తగ్గి ఉంటే నింపండి, నింపినా దిగుతుంటే పీడనాన్ని సమంగా ఉంచే రెగ్యులేటర్‌ను మెకానిక్‌కు చూపించాలి. సిలిండర్ గడువు తేదీ దాని మీదే ఉంటుంది. పోటీలో దాన్ని చూసుకునే బాధ్యత షూటర్‌దే.

భద్రత దగ్గర ఏ తుపాకీకీ స్వభావం లేదు. ‘ఇది సాధువు’ అని ఎప్పుడూ అనుకోవద్దు. సత్యభామైనా కుంభకర్ణుడైనా గొట్టం టార్గెట్ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే, కాల్చనప్పుడు సేఫ్టీ ఫ్లాగ్ (తుపాకీ ఖాళీ అని చూపే రంగు తీగ) లోపలే.

గోల్కొండ పెట్ల బురుజు మీది ఫతే రహబర్ ఫిరంగి ఒంటి మీద ఫార్సీ రాత చెక్కి ఉంది. మీ రైఫిల్‌కు చెక్కడాలు వద్దు. గుర్తింపు సంఖ్యను చెరపడం, మార్చడం 1959 ఆయుధ చట్టం సెక్షన్ 8 కింద నిషేధం. పేరును కేస్ హ్యాండిల్‌కు గుడ్డ ట్యాగ్‌గా కట్టండి, నోట్‌బుక్ అట్ట మీద రాయండి. స్టాక్ మీద అంటించాల్సి వస్తే పోటీ తనిఖీ స్టిక్కర్‌కు అడ్డం రాకుండా చూడండి. లైసెన్స్ కాగితాల్లో, రిపేరు రసీదులో, పోలీసు ఫిర్యాదులో రాయాల్సింది సంఖ్యే.

అకాడమీలో ఒకే రైఫిల్‌ను ముగ్గురు నలుగురు పిల్లలు వాడుతుంటే నోట్‌బుక్ రైఫిల్‌తో పాటే కేస్‌లో ఉండాలి. బట్ ప్లేట్ (భుజానికి ఆనే భాగం), చీక్ పీస్ (చెంప ఆనే భాగం) అమరికలు ఎవరివి వాళ్లు వేరే పేజీలో రాసుకోవాలి. గుణం తుపాకీది, కొలతలు పిల్లలవి, రెండూ ఒక పేజీలో కలిపితే వచ్చేవాళ్లకు ఏదీ అర్థం కాదు. రైఫిల్ చట్టప్రకారం చేతులు మారితే ఆ పుస్తకాన్నీ కొత్త యజమానికే ఇవ్వండి. పేరు ఉంచుకోవాలా మార్చాలా అన్నది వాళ్లిష్టం.