బిల్లీ మర్రే పాత రికార్డులు వినాలంటే ఎలా మొదలెట్టాలి

బిల్లీ మర్రే 1877లో ఫిలడెల్ఫియాలో పుట్టి డెన్వర్‌లో పెరిగాడు, 1900ల్లో అమెరికాలో తెగ పాపులర్ సింగర్. ముందు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ జ్యూక్‌బాక్స్ సైట్‌లో పేరు కొట్టండి, ఫ్రీగానే వినొచ్చు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి గానీ బేస్ పెంచొద్దు, ఎందుకంటే అప్పట్లో రికార్డింగ్‌కి మైకే వాడేవాళ్లు కాదు, పెద్ద బూరలోకి గట్టిగా పాడితే ఆ అదురుకి సూది మైనం మీద గీత గీసేది, అందుకే ఆయన ఒక్కో మాటని సుత్తితో కొట్టినట్టు పలుకుతాడు. నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద రాత్రిపూట వింటా, రెండు నిమిషాలకి ఆ గరగర చెవికి అలవాటైపోద్ది, అప్పుడు ఆయన నవ్వుతూ పాడటం కూడా తెలుస్తుంది, ఎంత బాగుంటుందో!

1925లో మైకుతో చేసే ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చాక మెల్లగా పాడేవాళ్లకి గిరాకీ పెరిగింది, ఈయన జోరు తగ్గింది. ముందువి, తర్వాతవి పక్కపక్కన పెట్టి వినండి.

ఒరిజినల్ 78 డిస్క్ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డు) దొరికితే స్పిరిట్‌తో అస్సలు తుడవొద్దు, ఆ లక్క పాడైపోద్ది. డిస్కులు నిలబెట్టే ఉంచండి. గ్రామఫోన్ స్టీల్ సూది డిస్క్ ప్రతి వైపుకీ మార్చాలి, మన వైజాగ్ ఉప్పుగాలికి సూదులు తుప్పు పట్టేస్తాయి కాబట్టి గట్టి మూత డబ్బాలో దాచుకోండి.