అవుట్‌డోర్‌లో తీసిన సీన్ ఎడిటింగ్‌లో అతకడం లేదా?

స్టూడెంట్ ఫిల్మ్‌కి లొకేషన్ వెతికేటప్పుడు అందరూ కళ్లతోనే వెతుకుతారు. ఎండ ఎటు తిరుగుతుందో, చెవికి ఏం వినబడుతుందో కూడా చూడాలి. కింది చిక్కుల్లో చాలావరకు రెక్కీ (షూటింగ్‌కి ముందే వెళ్లి లొకేషన్ చూసి రావడం) నాడే పట్టుకోవచ్చు.

సమస్య: ఒకే సంభాషణలో నీడలు మారిపోతున్నాయి

మాస్టర్ షాట్‌లో (సీన్ మొత్తాన్ని ఒకేసారి చూపే షాట్) చెంప మీదున్న నీడ క్లోజప్‌కి వచ్చేసరికి కళ్ల కిందికి చేరింది.

కారణం: సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మూడు గంటల షూటింగ్ అంటే 45 డిగ్రీల తేడా.

పరిష్కారం: షూటింగ్ ఏ వేళకో రెక్కీకి ఆ వేళకే వెళ్లండి. సాయంత్రం చూసి ముచ్చటపడ్డ చోటు మిట్టమధ్యాహ్నం ముఖాలను పాడుచేస్తుంది. ఎండ వీపు మీద పడేలా నటుల్ని నిలబెట్టి, ముందు నుంచి తెల్ల థర్మాకోల్ షీట్‌తో వెలుగు కొట్టండి. వైడ్ షాట్లు ముందు ముగించండి. క్లోజప్‌లో ఎండకు గుడ్డ అడ్డం పెట్టొచ్చు, వైడ్‌లో అది కుదరదు.

సమస్య: కట్ పడిన ప్రతిచోటా వెనక శబ్దం ఎగిరిపడుతోంది

కారణం: ఒక టేక్‌లో లారీ పోయింది, ఇంకో టేక్‌లో పోలేదు.

పరిష్కారం: రెక్కీలో ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. జనరేటర్ మోత ఆగకుండా వస్తుంటే ఆ చోటు ఎంత అందంగా ఉన్నా వదిలేయమనే చెబుతాను. షూటింగ్ అయ్యాక యూనిట్ మొత్తాన్ని కదలకుండా ఉంచి, ఒక నిమిషం ఆంబియెన్స్ (ఆ చోట సహజంగా ఉండే శబ్దం) రికార్డు చేయండి. ఎడిటర్ కట్ల కింద పరిచేది దాన్నే.

మైక్‌లో గాలి బుసబుసమంటుంటే నురగ తొడుగు చాలదు, బొచ్చు తొడుగు వేయాలి. మాటను మింగేసిన గాలిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు.

సమస్య: నడక అదురుతున్నట్టు కనిపిస్తోంది

కారణం: ఎండ ఎక్కువైందని షటర్ స్పీడ్ పెంచేశారు.

పరిష్కారం: సెకనుకు 25 ఫ్రేములకు షటర్ 1/50 సెకను దగ్గరే ఉంచి, ఎన్‌డీ ఫిల్టర్‌తో (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే, లెన్స్ ముందు పెట్టే అద్దం) వెలుగు తగ్గించండి. 1.8 ఎన్‌డీ ఆరు స్టాపులు కోస్తుంది (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది).

సమస్య: షాట్ షాట్‌కీ రంగు మారుతోంది

ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తనే రంగు సరిచేసుకోవడం) ఆపేయండి. నేరుగా ఎండలో 5500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర మొదలుపెట్టి, నీడలోకి వెళ్తే పెంచండి.

సమస్య: సగంలో ఎవరో వచ్చి ఆపేశారు

నలుగురూ తిరిగే చోటైనా అనుమతి అవసరం కావచ్చు, ముందే కనుక్కోండి. నోటిమాట చాలదు. కాగితం రాయించుకుని, కాపీ అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర ఉంచండి.